చిక్కదనం తెలిసిన స్ఫటికం



మా అమ్మ అరిసెలకు పాకం పట్టేటప్పుడు పొయ్యి పక్కన ఒక పళ్ళెంలో చల్లటి నీళ్ళు పెట్టుకునేది. బెల్లం కరిగి, నురగ పొంగి, బుడగలు పెద్దవై కాస్త నెమ్మదించాక గరిటె కొస నుంచి ఒక్క చుక్క ఆ నీళ్ళలో వేసేది. దాన్ని వేళ్ళతో దగ్గరకు చేర్చి ఉండ కడుతుందో లేదో చూసేది. కాజాలకైతే పద్ధతి వేరు. చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కాస్త రుద్ది, వేళ్ళు మెల్లగా విడదీసి తీగ సాగుతోందా అని చూసేది. మోటారు షెడ్డులో మెకానిక్ కూడా అంతే. ఇంజన్ ఆయిల్‌ని వేళ్ళ మధ్య రుద్ది, "జిగి పోయింది సార్, మార్చాలి" అంటాడు. కొలపాత్ర లేదు, గడియారం లేదు. వేళ్ళ మధ్య జరిగే ఆ చిన్న రాపిడే వాళ్ళ పరికరం.

అదే రాపిడిని సెకనుకు 50 లక్షల సార్లు చేసి, తనకు తగిలిన అడ్డును అంకెల్లో చెప్పే ఒక చిన్న బిళ్ళ ఉంది. అది క్వార్ట్జ్ స్ఫటికంతో చేసిన బిళ్ళ. ద్రవాల గుణాలను ఆ బిళ్ళ ఎలా కొలుస్తుందో ఈరోజు చెప్పుకుందాం.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. మన భాషలో 'చిక్కన' అంటాం. చిక్కటి పాలు, చిక్కటి పాకం, చిక్కటి నూనె. ఈ ఒక్క మాటలో రెండు వేరువేరు గుణాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి సాంద్రత. అంటే ఒక లీటరు ద్రవం ఎంత బరువు తూగుతుంది అన్నది. రెండోది స్నిగ్ధత. అంటే ద్రవంలోని పొరలు ఒకదాని మీద ఒకటి జారడానికి ఎంతగా మొరాయిస్తాయి అన్నది.

ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. ఆముదాన్నే చూడండి. నీటి మీద తేలుతుంది, అంటే నీటికంటే తేలిక. కానీ సీసా వంచితే ధార కట్టడానికి ఎంతసేపో పడుతుంది. దాని స్నిగ్ధత నీటికంటే వందల రెట్లు ఎక్కువ. పాదరసం దీనికి తలకిందులు. నీటికంటే పదమూడున్నర రెట్లు బరువు, స్నిగ్ధత మాత్రం నీటికి ఒకటిన్నర రెట్లే. నేలమీద పడితే పూసల్లా పరుగులు తీస్తుంది. 'చిక్కన' అన్న మాటను ఈ రెండుగా విడదీయగలిగితేనే మనకు ఆ ద్రవం నిజంగా తెలిసినట్టు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

ఇప్పుడు స్ఫటికం దగ్గరికి వద్దాం. 1880లో పారిస్‌లో ఇద్దరు అన్నదమ్ములు, జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ, కొన్ని స్ఫటికాలను నొక్కి చూశారు. అన్నకు 24 ఏళ్ళు, తమ్ముడికి 21. పియేర్ తర్వాతి కాలంలో మేరీ క్యూరీని పెళ్ళాడి, ఆమెతో కలిసి రేడియం కనుగొన్న శాస్త్రవేత్త. స్ఫటికాన్ని నొక్కగానే దాని ముఖాల మీద విద్యుదావేశం పుట్టింది. క్వార్ట్జ్‌లో పుట్టింది, టూర్మలిన్‌లో పుట్టింది, చెరకు చక్కెర స్ఫటికంలోనూ పుట్టింది. అవును, మన ఇంట్లో డబ్బాలో ఉండే కలకండ పలుకుకూ ఈ గుణం ఉంది. దీన్నే పీడన విద్యుత్తు అంటారు. మరుసటి ఏడాదే గాబ్రియెల్ లిప్‌మన్ అనే శాస్త్రవేత్త లెక్కకట్టి, దీనికి విలోమం కూడా నిజం కావాలన్నాడు. నొక్కితే విద్యుత్తు పుట్టినట్టే, విద్యుత్తు ఇస్తే స్ఫటికం ఆకారం మారాలి. క్యూరీ సోదరులు ప్రయోగం చేసి అవునని రుజువు చేశారు.

ఆ రెండో గుణమే మన కథకు మూలం. విద్యుత్తును అటూ ఇటూ మారుస్తూ ఇస్తే స్ఫటికం కంపిస్తుంది. దాని మందానికి తగిన పౌనఃపున్యం ఒకటి ఉంటుంది. సరిగ్గా ఆ లయలో విద్యుత్తు ఇచ్చినప్పుడు కంపనం ఒక్కసారిగా బలపడుతుంది. ఉయ్యాలను దాని ఊపు చూసుకుని తోస్తే పైకి లేచినట్టు. దీనికి అనునాదం అని పేరు. ఇలా అనునాదంలో కంపించే స్ఫటికాన్ని రెసొనేటర్ అంటారు. 1920లలోనే ఇది రేడియోలోకి వచ్చింది. రేడియో కేంద్రాల పౌనఃపున్యం పక్కకు జరగకుండా కాపాడే పని క్వార్ట్జ్ చేతికి అందింది. మీ చేతి గడియారంలో సెకన్లు లెక్కపెట్టేదీ క్వార్ట్జే.

ద్రవాలను కొలిచే బిళ్ళను ఒక ప్రత్యేకమైన కోణంలో కోస్తారు. స్ఫటిక అక్షానికి సుమారు 35 డిగ్రీల వాలులో. 1934లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో రూపొందిన ఈ కోతను ఏటీ కోత అంటారు. దీని గొప్పతనం ఏమిటంటే గది ఉష్ణోగ్రత దగ్గర ఎండ ఎక్కువైనా తక్కువైనా పౌనఃపున్యం దాదాపు కదలదు. ఈ బిళ్ళ తబలాలా పైకీ కిందికీ కొట్టుకోదు. బల్లమీద ఒక లావుపాటి పుస్తకం పెట్టి, పై అట్టను ఒక పక్కకు, కింది అట్టను ఇంకో పక్కకు నెట్టండి. పేజీలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. బిళ్ళ కంపించేది ఆ విధంగా. దాని రెండు ముఖాలూ ఎదురెదురు దిశల్లో జారుతాయి. సెకనుకు 50 లక్షల సార్లు, అంటే 5 మెగాహెర్ట్జ్ వేగంతో కంపించే బిళ్ళ మందం మిల్లీమీటరులో మూడో వంతు. రెండు ముఖాలమీదా పలచగా బంగారు పూత పూస్తారు. విద్యుత్తు అందేది ఆ పూతల ద్వారానే.

జలతరంగం కచేరీ విన్నవాళ్ళకు తర్వాతి మాట సులువుగా అర్థమవుతుంది. పింగాణీ గిన్నెలో నీళ్ళు పోసేకొద్దీ స్వరం దిగుతుంది. కంపించే వస్తువుకు బరువు తోడైతే కంపనం నెమ్మదిస్తుంది. విద్వాంసుడు చెంచాతో కొద్ది కొద్దిగా నీళ్ళు పోస్తూ శ్రుతి చేసుకునేది ఈ సూత్రంతోనే. 1959లో జర్మనీలో గుంటర్ సావర్‌బ్రే అనే శాస్త్రవేత్త ఇదే సూత్రాన్ని క్వార్ట్జ్‌కు అన్వయించాడు. బిళ్ళమీద సమంగా పరుచుకున్న పలచని పొర బరువుకు తగ్గట్టుగా పౌనఃపున్యం దిగుతుందని చూపించాడు. 5 మెగాహెర్ట్జ్ బిళ్ళ అయితే చదరపు సెంటీమీటరు మీద సుమారు 18 నానోగ్రాముల పదార్థం చేరగానే ఒక హెర్ట్జ్ తగ్గుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. అంత సూక్ష్మమైన తేడా ఎలా తెలుస్తుంది? మనం బరువును బరువుగా తూచడం లేదు, కంపనాలుగా లెక్కపెడుతున్నాం కాబట్టి. మనిషి అన్నిటికంటే కచ్చితంగా చేయగలిగిన పని లెక్కపెట్టడమే. 50 లక్షల్లో ఒకటి తగ్గినా ఎలక్ట్రానిక్ పరికరం పట్టేస్తుంది.

ఇదంతా గాలిలో, శూన్యంలో. ద్రవంలో ముంచితే కంపనం ఆగిపోతుందని చాలాకాలం అనుకున్నారు. మోగుతున్న గంటను చేత్తో పట్టుకున్నట్టే కదా అని. 1980ల తొలి ఏళ్ళలో ఆ అనుమానం తీరింది. జపాన్‌లో నొమురా, ఒకుహారా అనే శాస్త్రవేత్తలు 1982లో స్ఫటికాన్ని రకరకాల సేంద్రియ ద్రవాల్లో ముంచి, పౌనఃపున్యంలో మార్పులను కొలిచి ప్రచురించారు. 1985లో కాలిఫోర్నియాలోని ఐబీఎం పరిశోధనశాలలో కనజావా, గోర్డన్ అనే ఇద్దరు దానికి చక్కటి సూత్రం ఇచ్చారు. ద్రవం సాంద్రతనూ స్నిగ్ధతనూ గుణించి, ఆ లబ్ధానికి వర్గమూలం తీయండి. పౌనఃపున్యం ఎంత దిగుతుందన్నది దానికి అనుపాతంలో ఉంటుంది.

దీని వెనక జరిగేది ఇది. బిళ్ళ ముఖం అటూ ఇటూ జారుతుంటే, దానికి అంటుకుని ఉన్న ద్రవపు పొర కూడా దానితోపాటు జరుగుతుంది. ఆ పొర తన పై పొరను లాగుతుంది, అది ఇంకో పొరను. కానీ దిశ సెకనుకు 50 లక్షల సార్లు అటూ ఇటూ మారిపోతోంది. పై పొరలకు కబురు అందేలోపే కింద దిశ తిరిగిపోతుంది. అందువల్ల కదలిక అతి త్వరగా అణగిపోతుంది. నీటిలో అయితే పావు మైక్రాను దూరం పోయేసరికి కదలిక మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. పావు మైక్రాను అంటే తల వెంట్రుక మందంలో సుమారు 300వ వంతు. బిళ్ళ మీద మీరు చుక్క వేసినా, చెంబుడు పోసినా దానికి ఒకటే. అది తడిమేది ఆ పలచని పొరను మాత్రమే.

నేను దీన్ని మొదటిసారి కళ్ళారా చూసిన రోజు ఇప్పటికీ బాగా గుర్తుంది. బల్లమీద రూపాయి బిళ్ళంత స్ఫటికం, నడుమ బంగారు చుక్క. పక్కన పౌనఃపున్యం చూపే పెట్టెలో ఎర్రటి అంకెలు. గాలిలో ఉన్నప్పుడు చివరి అంకె మాత్రమే ఒకటి అటూ ఒకటి ఇటూ ఊగుతోంది. డ్రాపర్‌తో ఒక్క నీటి చుక్క వేశాను. చప్పుడు లేదు, కదలిక లేదు. అంకెలు మాత్రం జర్రున దిగి సుమారు 700 తక్కువ దగ్గర ఆగాయి. నీరు 20 డిగ్రీల దగ్గర ఉంటే సూత్రం చెప్పేది 714. నీటిని తుడిచేసి, నీరూ గ్లిజరినూ సగం సగం బరువుకు కలిపిన ద్రవం వేశాను. ఈసారి పతనం 1,800 దాటింది. ఆ మిశ్రమం స్నిగ్ధత నీటికి దాదాపు 6 రెట్లు. సాంద్రత ఎనిమిదో వంతు ఎక్కువ. గుణించి వర్గమూలం తీస్తే 2.6 రెట్లు రావాలి, వచ్చింది. తర్వాత స్వచ్ఛమైన గ్లిజరిన్ వేశాను. అంకెలు పిచ్చిపట్టినట్టు తిరిగి, కంపనం ఆగిపోయింది. చిన్న ఎలక్ట్రానిక్ వలయానికి అంత అడ్డును తోసుకుని స్ఫటికాన్ని ఊపే సత్తా ఉండదు. అంత స్నిగ్ధత ఉన్న ద్రవాలకు వేరే తరహా పరికరాలు కావాలి.

కడిగి ఆరబెట్టాక అంకెలు మొదటి చోటికి రాలేదు. కొన్ని పదుల హెర్ట్జ్‌లు తక్కువే ఉన్నాయి. మళ్ళీ కడిగాను, ఇంకాస్త పైకి వచ్చాయి. కంటికి కనిపించని గ్లిజరిన్ పొర బంగారం మీద మిగిలిపోయి, దాని బరువు అంకెల్లో కనిపిస్తోందన్నమాట. స్ఫటికంతో పనిచేసేవాళ్ళు నేర్చుకునే మొదటి పాఠం శుభ్రత. రెండోది ఉష్ణోగ్రత. బిళ్ళ స్థిరంగా ఉన్నా ద్రవం ఉండదు. 20 డిగ్రీల దగ్గర నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే స్నిగ్ధత నూటికి రెండు పాళ్ళకు పైగా తగ్గుతుంది. అంకె సుమారు 9 హెర్ట్జ్ కదులుతుంది. అందుకని ఉష్ణోగ్రత రాయని కొలతకు విలువ లేదు.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. పౌనఃపున్యం దిగింది. కారణం ద్రవమా, బిళ్ళమీద పేరుకున్న పొర బరువా? అంకె ఒక్కటే, కారణాలు రెండు. దీనికి జవాబు గుడి గంట చెబుతుంది. గంట కొట్టి వదిలేస్తే నాదం చాలాసేపు నిలుస్తుంది. గంటకు గట్టిగా అంటుకున్న లోహపు ముక్క ఉంటే స్వరం దిగుతుంది, నాదం మాత్రం నిలుస్తుంది. అదే గంటకు తడిగుడ్డ చుడితే స్వరమూ దిగుతుంది, నాదమూ వెంటనే చచ్చిపోతుంది. స్ఫటికం కూడా అంతే. గట్టి పొర చేరితే పౌనఃపున్యం దిగుతుంది కానీ కంపనం అణగదు. ద్రవం తగిలితే రెండూ జరుగుతాయి. 1990ల నడుమ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో, చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రోడాల్, కాసెమో, వారి సహచరులు ఈ పద్ధతిని పరికరంగా మలిచారు. స్ఫటికానికి ఇచ్చే విద్యుత్తును చటుక్కున ఆపేసి, దాని నాదం ఎంత త్వరగా అణగిపోతుందో వింటారు. మాంసకృత్తులు, కణాల పొరలు ఒక ఉపరితలానికి ఎలా అంటుకుంటాయో, మెత్తగా ఉంటాయో బిరుసుగా ఉంటాయో తెలుసుకోడానికి ఈ పద్ధతిని ప్రపంచమంతా వాడుతున్నారు.

ఇంకో చిక్కు మిగిలింది. మొదట గుర్తుపెట్టుకోమన్నది ఇదే. స్ఫటికం చెప్పేది సాంద్రత, స్నిగ్ధతల లబ్ధాన్ని. పాదరసాన్ని తీసుకుంటే పదమూడున్నరను ఒకటిన్నరతో గుణించాలి, దాదాపు 20. నీటి సాంద్రతే ఉండి స్నిగ్ధత 20 రెట్లున్న ఒక నూనె ఉందనుకోండి, లెక్క ప్రకారం రెండింటికీ ఒకటే అంకె. మామూలు ద్రవాల్లో నాదం అణగడం కూడా ఆ లబ్ధాన్నే చెబుతుంది. మన 'చిక్కన' అన్న మాటలాగే స్ఫటికం కూడా రెండు గుణాలను కలిపేసి చెబుతోంది.

ఈ ముడిని విప్పిన పద్ధతి నాకు ఎంతో ఇష్టం. బిళ్ళ నున్నగా లేకపోతే గుంటల్లో ద్రవం చిక్కుకుని కొలత చెడుతుందని అందరికీ తెలుసు. అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో స్టీఫెన్ మార్టిన్, ఆయన సహచరులు ఆ లోపాన్నే పనికి పెట్టారు. 1994లో ప్రచురించిన పరిశోధనలో రెండు బిళ్ళలు పక్కపక్కన వాడారు. ఒకటి అద్దంలా నున్ననిది, ఇంకోదాని మీద కావాలనే చెక్కిన సన్నని గాళ్ళు. గాళ్ళలో చిక్కుకున్న ద్రవం జారడానికి వీల్లేక బిళ్ళతోపాటే కదులుతుంది, అంటే అది కేవలం బరువు. గాళ్ళ కొలత తెలుసు కాబట్టి ఆ బరువును బట్టి సాంద్రత తేలుతుంది. నున్నని బిళ్ళ ఇచ్చిన లబ్ధాన్ని ఆ సాంద్రతతో భాగిస్తే స్నిగ్ధత విడిపోతుంది. ఒకే ద్రవాన్ని రెండు విధాలుగా ప్రశ్నించారు, రెండు గుణాలూ బయటపడ్డాయి.

ఈ నీతి మన పాల కేంద్రాలకు కూడా వర్తిస్తుంది. లాక్టోమీటరు కొలిచేది సాంద్రతను ఒక్కదాన్నే. పాలలో నీళ్ళు కలిపితే సాంద్రత తగ్గుతుంది, లాక్టోమీటరు మునుగుతుంది, దొంగ దొరుకుతాడు. కానీ ముందే మీగడ తీసేస్తే సాంద్రత పెరుగుతుంది, ఎందుకంటే వెన్న పాలకంటే తేలిక. ఆ పెరిగినంత మేరకు నీళ్ళు కలిపితే లాక్టోమీటరు మళ్ళీ సరైన గీత దగ్గరే తేలుతుంది. రెండు తప్పులు ఒక అంకెలో దాక్కున్నాయి. అందుకే కొవ్వు శాతాన్ని విడిగా కొలవాల్సిందే. మరి ఇక్కడ స్ఫటికం పెడితే సరిపోతుందా అంటే, సరిపోదు. పాలలో వెన్న బుడగలు కొన్ని మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. పావు మైక్రాను పొరను మాత్రమే తడిమే బిళ్ళకు అవి సరిగా అందవు. ఏ పరికరం ఎంత లోతుకు చూస్తుందో తెలియకుండా దాని మాట నమ్మకూడదు.

ఇంకాస్త లోతుకు చూడాలంటే నెమ్మదిగా కంపించే స్ఫటికం కావాలి. చేతి గడియారంలో ఉండేది బియ్యపుగింజ కంటే చిన్న క్వార్ట్జ్ శ్రుతిదండం, అంటే ట్యూనింగ్ ఫోర్క్. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండును పదిహేను సార్లు గుణించుకుంటే వచ్చే సంఖ్య అది. నీటిలో దాని కదలిక 3 మైక్రాన్ల దాకా పోతుంది. పైగా దాని కొమ్ములు ద్రవాన్ని పక్కకు నెడుతూ ఊగుతాయి, కాబట్టి నెట్టిన ద్రవం బరువు విడిగా, రాపిడి విడిగా తెలుస్తాయి. అంటే సాంద్రత, స్నిగ్ధత ఒకే పరికరంలో. చమురు శుద్ధి కర్మాగారాల గొట్టాల్లో పెద్ద లోహపు శ్రుతిదండాలను పీడన విద్యుత్తుతో ఊపి, ప్రవహించే చమురును ఇలాగే ఆపకుండా కొలుస్తారు. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు పాడైందో ఇంజన్‌లో ఉండగానే చెప్పే సెన్సర్లూ ఈ సూత్రంతో వచ్చాయి. మెకానిక్ వేళ్ళ మధ్య తెలుసుకున్నది ఇప్పుడు డ్రైవరు ముందున్న తెరమీదికి వస్తోంది.

ఈ కథలో మన గడ్డ పేరు కూడా ఉంది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు సి.వి. రామన్ శిష్యులు. 1930లు, 40లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన విద్యార్థులు క్వార్ట్జ్ పలకలతో అతిధ్వని తరంగాలు పుట్టించి ద్రవాలను, స్ఫటికాలను పరిశోధించారు. భీమసేనాచార్ అనే పరిశోధకుడితో కలిసి ఆయన 1940లలో రూపొందించిన పద్ధతి స్ఫటికాల స్థితిస్థాపకతను కొలవడానికి కొత్త దారి చూపింది. భారీ నిధులు లేని కాలంలో, ఒక స్ఫటికపు ముక్కతో, ఓపికతో చేసిన పని అది.

అందుకే చివరగా నా మాట విద్యార్థులకు, వాళ్ళకు పాఠం చెప్పే అధ్యాపకులకు. పాడైన గోడగడియారం ఒకటి దొరికితే పారేయకండి. లోపల అగ్గిపుల్ల మందాన చిన్న లోహపు గొట్టం ఉంటుంది, శ్రుతిదండం దానిలోనే ఉంది. కొత్తది కొన్నా కొన్ని రూపాయలే. అధ్యాపకుల సాయంతో దాని పౌనఃపున్యం కొలవండి. తర్వాత జాగ్రత్తగా గొట్టం మూత తీసి మళ్ళీ కొలవండి. శూన్యంలోంచి గాలిలోకి రాగానే పౌనఃపున్యం కొన్ని హెర్ట్జ్‌లు తగ్గుతుంది, నాదం త్వరగా అణగుతుంది. బరువే లేదనుకునే గాలి కూడా ఆ చిన్న కొమ్ములను అడ్డగిస్తోందని మీ కళ్ళతో మీరు చూస్తారు. కొలిచిన రోజు, వేళ, ఉష్ణోగ్రత పుస్తకంలో రాయండి. వచ్చిన అంకెకు ఇంకో కారణం కూడా ఉండవచ్చా అని ఆలోచించి, అది తేల్చే రెండో కొలత చేయండి. ఒక్క అంకెతో ఏ ద్రవం మీదా తీర్పు చెప్పకండి.